కార్తీకపు కాపలా

నిరుడు కార్తీకమంతా నేను ఉడతల ఎంగిలి తిన్నాను. మాటవరసకు అనడం లేదు. మా అత్త ఈశ్వరమ్మ పొద్దున్నే పెరట్లోకి వెళ్లి, ఉడతలు కొరికి పడేసిన బీరపిందెలు, సగం తిన్న టమాటాలు, చిల్లులు పడ్డ ఆనపకాయలు ఏరుకొచ్చేది. వాటిని విడిగా ఒక చిన్న గిన్నెలో ఉడకేసి, ఉప్పూ కారం చల్లి నా ముందు పెట్టేది. తనకు వేరే కూర.

“నీ కాపలాలో పోయినవే కదేటే, నువ్వే తిను,” అనేది. “ఆటి పళ్లగాట్లు కనిపిస్తన్నాయా? బాగా సూడు. సూస్తే రేపైనా ఒళ్లు దగ్గరెట్టుకుని కాస్తావు.”

పళ్లగాట్లు కనిపించేవి. తిన్నాను. తినకపోతే ఆ పూటకు అన్నం కూడా తీసేసేది.

నాకు పోవడానికి వేరే చోటు లేదని ఆవిడకు తెలుసు. మా ఆయన ధనరాజు కేరళ బోట్ల మీద పనికి వెళ్లి అక్కడే ఇంకొకామెతో కాపురం పెట్టాడు. తల్లి ఫోను ఎత్తుతాడు, నా ఫోను ఎత్తడు. పుట్టిల్లు పొలసరలో అన్నయ్య ఉన్నాడు. ‘పండక్కి రా, ఉండిపోవడానికి మాత్రం రాకు’ అని గుమ్మంలోనే చెప్పేసిన మహానుభావుడు. ఇక నాకు మిగిలింది ఈ ఒడియా ఊరు హల్దియాపదర్ చివర రెండు గదుల రేకుల ఇల్లు, దాని వెనక పెరడు, ఈ అత్త.

మా అత్తకు ఆస్తంటే ఇల్లు కాదు, వీధులు. తెల్లారకుండానే గోపాలపురం రేవులో వేలంలో చేపలు పాడుకుని, ఆటోలో తెచ్చి, మూడు వీధులు తిరిగి అమ్మేది. ఏ ఇంటికి సందువ చేప కావాలో, ఏ ఇంటికి ముల్లు లేని ముక్క కావాలో, ఏ ఇంట్లో తలకాయ కోసం అన్నదమ్ములు కొట్టుకుంటారో పాతికేళ్లుగా ఆమెకు తెలుసు. మా వాళ్లలో ఒకరి వీధిలో మరొకరు గంప దించరు, అది వదిలేసిన వీధైతే తప్ప. వీధులు తల్లి నుంచి కూతురికో, అత్త నుంచి కోడలికో వస్తాయి. చేపలమ్ముకునే ఆడదానికి అదే పొలం, అదే పుస్తె.

ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. వీధులు ఎవరికో ఒకరికి ఇచ్చేయాలి. నాకే వస్తాయనుకున్నాను, ఇంకెవరున్నారు అనుకున్నాను. దసరా వెళ్లిన మర్నాడు మోకాళ్లకు నూనె రాయించుకుంటూ చెప్పేసింది.

“కార్తీకం ఎల్లినాక ఛాడఖాయి నాటికి బవాని రంభ నుంచి ఒచ్చీస్తాది. మొగుణ్ణి ఎంటెట్టుకొచ్చి ఈ ఇంట్లోనే ఉంటాది. ఈదులు దానికే ఇచ్చీస్తాను.”

భవాని అంటే దుర్గాభవాని, ఆమె కూతురు, రంభ అనే ఊళ్లో కాపురం ఉంటోంది. నా చేతులు ఆమె మోకాలి మీదే ఆగిపోయాయి.

“మరి నానేటవ్వాలత్తా?”

“నువ్వేటవుతావో నాకేటెరుక? మొగుణ్ణే నిలుపుకోలేని దానివి, ఈదుల్ని నిలుపుతావేటి? రాయి, రాయి, సేతులాపకు.”

బతిమాలాను. సిగ్గు లేకుండా కాళ్లు పట్టుకుని బతిమాలాను, ఎలాగూ ఆ కాళ్లే పిసుకుతున్నాను కదా. చివరికి విసుక్కుని ఒక మాట అంది.

“సరే. ఈ కార్తీకం పెరటి తోట కాయి. మొదటీదిలో మవుసి ఇంటికి కూర తప్పకుండా ఎల్లాల. ఒక్క ఈదీ పోకూడదు. అప్పుడు సూద్దాం.”

కార్తీకం మా చేపలవాళ్లకు పాడు నెల. ఒడియావాళ్ల కార్తీకం మన దీపావళి దాకా ఆగదు, పదిహేను రోజుల ముందే మొదలైపోతుంది. ఇక నెలంతా వాళ్ల ఇళ్లలో చేప ఉండదు. పెద్దవాళ్లు, అందులోనూ భర్తలు పోయినవాళ్లు, హబిస పడతారు. ఒంటిపూట, పచ్చిబియ్యం అన్నం, పెసరపప్పు, చేమదుంప, అరటికాయ. ఆఖరి అయిదు రోజులూ పంచుక. అప్పుడు చేప పేరెత్తినా చెవులు మూసుకుంటారు. పౌర్ణమి మర్నాడు ఛాడఖాయి. ఆ రోజు నెల రోజుల కరువూ తీరేలా తింటారు. మాకు ఏడాది మొత్తంలో అంత బేరం ఉండే రోజు ఇంకోటి లేదు.

కానీ నెల రోజులు వీధిలో కాలు పెట్టకపోతే ఆ ఇళ్లవాళ్లు మనల్ని మరిచిపోతారు. పక్క వీధుల్లో అమ్ముకునే తవిటమ్మ దానికోసమే కాచుక్కూచుంది. అందుకే మా అత్త ఎప్పటినుంచో కార్తీకంలో చేపల గంప మూలన పెట్టి, వేరే గంపలో పెరటి కూరలు తీసుకెళ్లి అవే ఇళ్లకు ఇచ్చేది. తలారా స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుంటే గానీ ఆ గంప ముట్టేది కాదు. అలా ఛాడఖాయి దాకా ఆ గుమ్మాల్లో తన మొహం కనిపించేలా చూసుకునేది. తోట పోతే వీధులు పోతాయి. వీధులు పోతే నేను రోడ్డు మీద పడతాను.

ఆ సంగతి నాకు తెలుసు, మా అత్తకు తెలుసు. ఉడతలకు తెలీదు.

పక్కింటి జామచెట్టు మీది నుంచి గోడ మీదకు, గోడ మీది నుంచి బీరపందిరి మీదకు దిగేవి. తింటే ఒక కాయ తిని పోవచ్చు కదా? కాదు. ప్రతి పిందెనూ ఒక్కో కొరుకు కొరికి వదిలేసేవి. చిక్కుడుపూత తెంపేసేవి. అరటిపువ్వులోకి తల దూర్చి తేనె నాకేవి. నేను కారం నీళ్లు చల్లాను. డబ్బాలు మోగించాను. పాత సీడీలు తాళ్లకు కట్టాను. పెరట్లో ముక్కాలిపీట వేసుకుని, ఎండలో కర్ర పట్టుకుని కూర్చున్నాను. నేను ఇటు మూల అరిస్తే అవి అటు మూల తినేవి. పందిరి మీద వెనక కాళ్ల మీద కూర్చుని, పిందెను రెండు చేతులా పట్టుకుని, నన్నే చూస్తూ నమిలేవి. ఉడతలు ముద్దొస్తాయని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అవి ఆ పగలు ఎంత తింటే, నా ముందుకొచ్చే గిన్నె అంత నిండుగా ఉండేది.

ఒకరోజు మవుసి ఇంటికి ఇవ్వడానికి అరటిగెలలో సరైన అత్తం ఒక్కటి కూడా దొరకలేదు. మవుసి అంటే మొదటి వీధిలో మొదటి ఇంటి ఆవిడ. ముసలామె, భర్త పోయాడు, కొడుకు, కోడలు సస్మిత, మనవరాలితో ఉంటుంది. వీధంతా ఆమెను మవుసి, అంటే పిన్ని, అనే పిలుస్తుంది. ఆమె ఎవరి గంపలో చెయ్యి పెడితే వీధంతా ఆ గంపలోనే చెయ్యి పెడుతుంది. ఆ రోజు మా అత్త కుంటుకుంటూ పోయి, బజారులో అరటికాయలు కొని, మా పెరటివేనని చెప్పి ఇచ్చి వచ్చింది. ఇంటికి రాగానే నా వీపు మీద చీపురుకట్ట విరిగింది.

“పెరటి కాయ కాదని ఆవిడ మొకంలోనే తెలిసిపోనాది. పాతికేళ్లలో మవుసి కాడ అబద్దమాడినానా నాను? నీ మూలంగా ఆడినాను!”

ఆ కోపంతోనే అటక మీది నుంచి వల దింపింది. ధనరాజు కవ్వళ్ల చేపలు పట్టే నైలాన్ వల అది, కేరళ వెళ్లినప్పుడు వదిలేసి పోయాడు. దాన్ని చింతపండు నీళ్లలో నానబెట్టింది, సున్నం నీళ్లలో నానబెట్టింది, పసుపు వేసి ఉతికింది, ఎండలో ఆరేసింది. అయ్యాక తను వాసన చూసి నా ముక్కుకు కూడా అంటించింది.

“సేప వాసనొస్తందేటి?”

“రావట్లేదత్తా.”

“సరిగ్గా సూడు. మవుసి ముక్కంటే ఏటనుకున్నావు, కుక్క ముక్కు. హబిస కూరకి సేప వాసన తగిలిందంటే మనం అయిపోనామే.”

అంత జాగ్రత్త మనిషి. ఆ మాట నిజంగానే అంటున్నాను.

నేను వలను పందిరి మీద దుప్పటిలా కప్పబోయాను. నా చేతిలోంచి లాక్కుంది. సముద్రంలో వల ఎలా నిలబడుతుందో అలా గోడ పొడుగునా నిలువుగా, వదులుగా కట్టించింది. “బిగించకే. బిగిస్తే తగిలి ఎనక్కి పోద్ది. వదులుగుంటే తల దూరస్తాది. తల దూర్సిందా, ఇంకంతే,” అంది.

మర్నాడు పొద్దున్నే కీచుమనే అరుపుకు లేచాను. ఒక ఉడత వల కన్నులో మెడ దాకా దూరి, ముందుకు పోలేక, వెనక్కి రాలేక గింజుకుంటోంది. గింజుకున్న కొద్దీ దారం లోపలికి దిగుతోంది. నిజం చెప్తున్నాను, మొదట నాకు సంతోషమే వేసింది. అనుభవించు అనుకున్నాను. కాసేపటికి ఆ అరుపు భరించలేక కత్తిపీట పట్టుకుని వెళ్లాను.

“వల మీద కత్తెడతావా?” వెనకనుంచి మా అత్త కేక. “వల కోసిన ఇంట్లో కూడుంటాదేటే, దరిద్రపుదానా?”

నన్ను పక్కకు తోసి తనే వచ్చింది. నలభై ఏళ్లు వలలోంచి చేపలు తీసిన చేతులు. వేళ్లు ఎటు పెట్టాలో వెతుక్కోలేదు. ఎడమ చేత్తో ఒళ్లు పట్టుకుంది, కుడి చేతి బొటనవేలు మెడ కింద పెట్టి తల పైకి విరిచింది. చిన్న చప్పుడయింది. అరుపు ఆగింది. దారాన్ని ఒక్కో పోగే తప్పించి ఉడతను బయటకు తీసింది. వలకు ఒక్క ముడి కూడా ఊడలేదు.

దాన్ని పారేస్తుందనుకున్నాను. తోక దగ్గర తాడు కట్టి, అరటిచెట్ల మధ్య ఒక వెదురుకర్ర పాతి, దాని చివర తలకిందులుగా వేలాడదీసింది.

“అత్తా, అలగ్గాని కడితే…” అని నేను మొదలుపెట్టాను.

“నోర్ముయ్యి. రేవులో ఎండుసేపల కాడ సచ్చిన కాకిని కట్టమేటి? ఒక కాకిని కడితే ఇంకో కాకి అటేపు సూడదు. ఇదీ అంతే. నాకు సెప్పడానికొచ్చింది పొలసర పండితురాలు!”

“రాముడు ఈపు నిమిరిన జీవమంటారు కదా.”

“నిమిరితే నిమిరినాడు. నా బీరపాదు తినమని సెప్పినాడేటి?”

నేను చెప్పబోయింది రాముడి గురించి కాదు. పొలసరలో మా ఇంటికి అటూ ఇటూ హబిస పట్టే ఇళ్లే. వాళ్ల కార్తీకం చూస్తూ పెరిగాను. వ్రతంలో ఉన్న మనిషి నోట్లోకి పోయే కూర మీద చచ్చిన జీవాన్ని వేలాడదీస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మా అత్త ఎండుచేపల పందిళ్ల కింద పుట్టి పెరిగిన మనిషి. చేప వాసన తగలకూడదని తెలుసు, ఎందుకంటే అది వాళ్లు మొహం మీదే చెప్తారు. మిగతాది ఆమెకు తట్టదు. చెప్పబోతే నోర్ముయ్యమంది. మూశాను. నేను చెప్పాల్సింది అక్కడితో అయిపోయింది.

తోట నిలబడింది. ఉడతలు నిజంగానే తగ్గాయి. వెదురుకర్ర మీద ఒకటి పోయి నాలుగయ్యాయి, ఎండకు తోలు బిగుసుకుపోయి, గాలికి తిరుగుతూ ఉండేవి. కింద అరటి అత్తాలు నిగనిగలాడుతూ దిగాయి. మవుసి ఇంటికి ఒక్క పూట కూడా కూర తప్పలేదు. ఎంగిలి గిన్నె రావడం తగ్గింది. ‘అప్పుడు సూద్దాం’ అన్న మాటను పట్టుకుని నేను కాస్త ఊపిరి పీల్చుకుంటున్నాను.

దీపావళి వెళ్లాక ఒక ఆడ ఉడత పడింది. వలలోంచి తీస్తున్నప్పుడు చూశాను, పొట్ట కింద చన్నులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. పాలిచ్చే తల్లి. మా అత్త కూడా చూసింది. చూసే విరిచింది.

ఆ మధ్యాహ్నం నుంచి మా వంటింటి రేకుల సందులో పిల్లల కూతలు మొదలయ్యాయి. సన్నగా, ఆగకుండా. సాయంత్రానికి ఇంకా ఎక్కువయ్యాయి. నేను అన్నం వార్చలేకపోయాను.

“అత్తా, పక్కింట్లో నిచ్చెనడిగి తెస్తాను. ఆటిని దించి ఎక్కడైనా ఒగ్గేస్తాను.”

“దించి?”

“దూదెట్టి పాలు పడతాను.”

మా అత్త నా వైపు తిరిగింది. నవ్వింది కూడా. “పెంచుకుంటావేటి? పెంచుకోవే, పెంచుకో. నీ కడుపునెలాగూ ఏ కాయా కాయనేదు. ఉడత పిల్లలకైనా అమ్మవవుతావు.”

టీవీ సౌండు పెంచి దాని ముందు కూర్చుంది. నిచ్చెన తేనివ్వలేదు. ఆ కూతలు మర్నాడంతా ఉన్నాయి. ఆ మర్నాడు పొద్దున ఒక్క గొంతే వినిపించింది, మధ్యాహ్నానికి అదీ లేదు. నేను పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఉడత పిల్లల కోసమని చెప్పుకుంటే బాగుంటుంది. నాకోసమే ఏడ్చాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె ఎన్నో అంది, ఆ మాట మాత్రం అనలేదు, దాచుకుని దాచుకుని ఆ రోజు తీసింది.

పంచుక మొదలైన రోజు మా అత్త గుమ్మంలో కూర్చుని కూతురితో ఫోను మాట్లాడుతోంది. ఆమె ఫోను మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది. నేను లోపల చేమదుంపల మట్టి కడుగుతున్నాను.

“ఈదులన్నీ గట్టిగున్నాయే, ఒక్కటీ పోనేదు. నువ్వు సామానట్టుకుని బేగొచ్చీయి. ఇదా? దీన్ని పొలసర పంపీస్తాను. వాళ్లన్న ఉంచుకుంటే ఉంచుకుంటాడు, నేకపోతే దాని కరమ. తోటా? ఆఁ, కాసిందిలే, తిండి పెట్టినాను కదేటి, ఊరికే కాసిందా?”

కడగడం ఆపలేదు. దుంపలన్నీ శుభ్రంగా కడిగి, గంపలో పేర్చి, తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని బయల్దేరాను. ఆమె మోకాళ్లు మరీ వాచాయి కనుక ఆ వారం నేనే తిరుగుతున్నాను.

మవుసి వసారాలో కూర్చుని ఉంది. నెల రోజుల ఒంటిపూటలతో సగమైపోయింది, మొహం మాత్రం కడిగినట్టుంది. సస్మిత దుంపలు తీసుకుని లోపలికి వెళ్లింది.

“లక్ష్మీ, పౌర్ణమికి కీర్తి చెరువులో పడవ వదులుతానంటోంది,” అంది మవుసి, ఒడియాలోనే. కీర్తి ఆమె మనవరాలు. “ప్లాస్టిక్ పడవలు నాకొద్దు. మీ పెరట్లో అరటి ఉంది కదా. లావుగా, మచ్చ లేని బోదె ఒకటి కొట్టి పంపిస్తావా?”

తెస్తానంటే అయిపోయేది. చిన్న పని.

“మీరే వచ్చి నచ్చింది చూసుకోండి మవుసీ,” అన్నాను. “నేను ఏది తెచ్చినా మీకు సరిపోతుందో లేదో.”

“అదీ నిజమే,” అంది. “సాయంత్రం చల్లబడ్డాక వస్తాను.”

వచ్చింది. సస్మిత చెయ్యి పట్టుకుని, తెల్లచీర కొంగు తల మీద కప్పుకుని నడుచుకుంటూ వచ్చింది. మా అత్త గుమ్మంలోంచి చూసి లేవబోయి పడబోయింది. పాతికేళ్లలో ఆ వీధుల నుంచి ఒక్క మనిషి మా గడప తొక్కలేదు.

“ఓలమ్మో, మవుసే! ఓలె లచ్చిమీ, సాప తే! సాప కాదే, కుర్సీ తే! గుడ్డెట్టి తుడు, గుడ్డెట్టి తుడు!” తనే కొంగుతో కుర్చీ తుడిచింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒడియాలో “మా ఇంటికి, మీరు, మా ఇంటికి” అని అదే మాట పదిసార్లు అంది. మవుసి నవ్వి, కూర్చోనని, ముందు అరటిచెట్లు చూస్తానని అంది. మా అత్త గోడ పట్టుకుని కుంటుకుంటూ తనే దారి చూపిస్తూ పెరట్లోకి తీసుకెళ్లింది. నేను వెనక నడిచాను.

మవుసి మొదట వలను చూసింది. తర్వాత తల పైకెత్తింది.

“ఏమిటవి?”

“ఉడతలు మవుసీ!” మా అత్త గొంతు నిండా గర్వం. “మీ అరటికాయల మీద పడేవి. నేనే పట్టాను, నేనే కట్టాను. ఇక మీ కూర జోలికి ఒక్కటి వస్తే ఒట్టు. ఈ నెలంతా మీకొచ్చిన కాయ ప్రతి ఒక్కటీ ఈ చెట్టుదే. చూడండి, ఒక్క గాటు లేదు.”

మవుసి, తప్పు తప్పు అన్నట్టు రెండు చేతులతో చెవులు పట్టుకుంది. అక్కడే, ఆ మట్టిలోనే కూలబడింది. సస్మిత “అమ్మా, అమ్మా” అంటూ పట్టుకుంది. ముసలామెకు వాంతి వచ్చింది, పొట్టలో ఏమీ లేక ఊరికే డోకింది. నాకు జాలి కూడా వేసింది, అబద్ధమెందుకు. కాని కదల్లేదు.

“నెలంతా,” అంది మవుసి కొంగుతో నోరు తుడుచుకుంటూ. “నెలంతా దీని కింది కూర తిని దేవుడికి దీపం పెట్టాను. ఏం తినిపించావు ఈశ్వరీ నాకు? నేను నీకేం చేశాను?”

“చేప కాదు మవుసీ, చేప తగల్లేదు! వల మూడు నీళ్లలో ఉతికాను, లక్ష్మినడగండి!”

“మా వీధిలో మళ్లీ కాలు పెట్టకు,” అంది మవుసి. సస్మిత మీద ఆనుకుని, మా వైపు చూడకుండా వెళ్లిపోయింది.

మా అత్త పెరట్లోనే నిలబడిపోయింది. వెదురుకర్ర వైపు చూసింది, నా వైపు చూసింది.

“ఏటి సేసినానే నాను?” అంది. “సేప వాసనొచ్చిందేటి? నువ్వే కదే రావట్లేదన్నావు? ఏటి సేసినాను?”

“నాకేటి తెలుసత్తా,” అన్నాను.

ఆ సాయంత్రమే వల విప్పింది, ఉడతల్ని దింపి గొయ్యి తీసి పూడ్చింది. ఆలస్యమైంది. మర్నాటికి మూడు వీధులకూ తెలిసిపోయింది. కూరగాయల గంప ఎత్తుకుని నేను వెళ్తే కొన్ని గుమ్మాలు తెరుచుకోలేదు. మా అత్త భవానికి ఫోను చేసింది. ఈసారి గొంతు వీధి చివరికి కాదు కదా, వంటింట్లోకి కూడా సరిగా వినిపించలేదు. “రాకు అమ్మా. ఒచ్చి ఏటి సేస్తావు? ఈదుల్లేవు,” అంది. అటునుంచి భవాని ఏమందో గానీ, మళ్లీ ఫోను రాలేదు.

పౌర్ణమి వెళ్లింది. ఛాడఖాయి నాడు ఇంకా చీకటిగా ఉండగానే లేచి మూలనున్న చేపల గంప తీశాను. మా అత్త మంచం మీద లేచి కూర్చుంది.

“ఏ మొకమెట్టుకుని ఎల్తావే?”

“నా మొకమే ఎట్టుకుని.”

రేవులో ఆ రోజు జనం మీద జనం. తోసుకుని, తిట్టించుకుని, తిట్టి, సందువలూ కానాగంతలూ పాడుకున్నాను. ఎవరైనా వస్తారో రారో అనుకుంటూనే వీధి మొదట్లో గంప దించి కేక వేశాను. కాని నెల రోజుల నుంచి నోరు కట్టుకున్న జనం వాళ్లు. ఒక తలుపు తెరుచుకుంది, రెండో తలుపు తెరుచుకుంది, తర్వాత నేను లెక్క చూసుకోలేదు. చేతులు పొలుసులమయమయ్యాయి. ‘ముందు నాకు, ముందు నాకు’ అని గిన్నెలు పట్టుకుని నా మీద పడ్డారు. ఆ ఉదయం నేను ఎంత సంతోషంగా ఉన్నానో చెప్పలేను.

సస్మిత వచ్చి సందువలు తీసుకుంది. ఆమె వెనకే గేటు దాకా మవుసి వచ్చింది. నేను కత్తి కింద పెట్టి లేచి నిలబడ్డాను.

“కూర్చో, కూర్చో,” అంది మవుసి. “నువ్వు రమ్మన్నావు కాబట్టి చూశాను, లేకపోతే తెలియకుండానే పోయేది. నీ మీద నాకు కోపం లేదు. గుడికి వెళ్లి అడిగాను. తెలియక జరిగింది కాబట్టి దోషం లేదన్నారు, చెయ్యమన్నది చేశాను.” గేటు పట్టుకుని నిలబడింది. “ఈశ్వరికి కూడా తెలియదు పాపం. ఆ రోజు నోటికొచ్చినట్టు అన్నాను. సస్మిత బాలింతగా ఉన్నప్పుడు ఎక్కడెక్కడో తిరిగి మాగుర్ చేపలు తెచ్చి పెట్టిన మనిషి. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు నాకు. నేను పిలిచానని చెప్పు. నడవలేకపోతే ఆటోలో తీసుకురా. వీధి ఎప్పటికీ దానిదే.”

“చెప్తాను మవుసీ,” అన్నాను.

ఖాళీ గంపతో ఇంటికి నడుస్తూ ఆలోచించాను. ఎక్కువసేపు పట్టలేదు. ఈ మాట చెవిన పడితే ఆ వాచిన మోకాళ్ల మీదే లేచి నిలబడుతుంది. రేపు మవుసి కాళ్ల మీద పడుతుంది, ఎల్లుండి రంభకు ఫోను చేస్తుంది. ఆ మర్నాడు నేను పొలసర బస్సులో ఉంటాను. చెప్పడానికి నాకేం పట్టింది?

మా అత్త గుమ్మంలో కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. పొద్దున్నుంచి అక్కడే ఉన్నట్టుంది. గంప ఖాళీగా ఉండడం దూరం నుంచే చూసింది.

“అన్నీ అయిపోనాయేటి?”

“అయిపోనాయి.”

“మవుసోల్లు తీసుకున్నారా?”

“సందువ తీసుకున్నారు.”

“తలకాయ తీసీసి ఇచ్చినావా? సస్మితకి తలకాయ సూస్తే డోకు.”

“తీసీసే ఇచ్చినాను.”

తల ఊపింది. మోకాళ్లు రుద్దుకుంది. నేను గంప దించి నూతి దగ్గరకు వెళ్లబోతుంటే వెనకనుంచి అడిగింది.

“మవుసి నన్నేటైనా అడిగిందే?”

“నేదు.”

“ఏటీ అన్నేదా? తిట్టనైనా నేదా?”

నేను తిరిగి ఆమె మొహంలోకి చూశాను. “నీ పేరెత్తితే నా కాడ కూడా కొననన్నాది.”

మా అత్త మోకాళ్ల మీద చేతులు పెట్టుకుంది. వీధి వైపు చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. చివరికి నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగింది. పొలుసులంటిన చేతిని తన కొంగుతో తుడిచింది.

“ఐతే నా పేరెత్తకే అమ్మా,” అంది. “ఎవులడిగినా ముసిల్ది సచ్చిపోనాదని సెప్పీ. ఈదులు మాత్తరం పోనీకు.”

సరేనన్నాను.